పెద్ద అక్షరాల జీపీఎస్

గాలికీ వానకీ లెక్కలు రాసే మా ఆడపడుచుకి,

వదిన ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఆ దీవిలో నువ్వూ, వానలు కొలిచే నీ సీసాలూ, నీతో పాటు పనిచేసే ఆ ముగ్గురూ బాగున్నారని తలుస్తాను. నీ ఉత్తరం పోయిన పడవలోనే వచ్చింది. వెంటనే జవాబు రాయలేదని కోపం తెచ్చుకోకు. రాద్దామని కూర్చుని మూడుసార్లు లేచిపోయాను. ఎందుకో చెప్తాను గానీ, ముందు ఒక్క మాట. ఇంకో మూడేళ్ళు అక్కడే ఉంటానని సంతకం పెట్టాల్సిన కాగితం నీ బల్ల మీద ఉందని రాశావు. ఈ ఉత్తరం ఆఖరిదాకా చదివితే గానీ దాని మీద కలం పెట్టకు. వయసులో పెద్దదాన్ని, పైగా వదినని. ఆ మాత్రం హక్కు నాకుందనుకుంటున్నాను.

నువ్వడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి బాగైంది, ఇప్పుడు స్నానాల గది కుళాయి కారుతోంది. మా బుడ్డదానికి ముందు పన్ను ఊడింది. అత్తకి పంపుతానని కాగితంలో చుట్టి ఎక్కడో దాచి, ఎక్కడ దాచిందో మర్చిపోయింది. నీ గది అలాగే ఉంది. ఆఫీసు గది చేసుకుంటానని మీ అన్నయ్య రెండుసార్లు టేపు పట్టుకుని కొలవబోయారు, నేను రెండుసార్లూ టేపు లాక్కున్నాను. నెలకోసారి నీ మంచం మీద దుప్పటి ఉతికి మళ్ళీ పరుస్తున్నాను. ఎవరు పడుకుంటారని అడుగుతావేమో. పరవకపోతే ఆ తలుపు తీయబుద్ధి కాదు, అంతే.

ఇక, "నాన్నకి కారులో పెట్టుకునే జీపీఎస్ కొన్నారా? తేలిగ్గా వాడుకునేది చూడండి వదినా" అని రాశావు. సంతకం కింద, రాయాలా వద్దా అన్నట్టు సన్నటి అక్షరాల్లో ఇంకో ప్రశ్న రాశావు. "నాన్న నా గురించి ఏమైనా అన్నారా?" అని. ఈ రెండోదానికి జవాబు మొదటిదాని మీదుగా పోతే తప్ప దొరకదు. కాస్త ఓపిక పట్టు.

అత్తయ్య ఉన్నన్నాళ్ళూ మావయ్య ఎక్కడికి కుట్టుమిషన్ బాగుచేయడానికి వెళ్ళినా ఆవిడ పక్క సీట్లో ఉండాల్సిందే కదా. ఒడిలో నోటు పుస్తకం, చూపంతా రోడ్డు మీద. "ఆ బోర్డు దగ్గర ఎడమకి తిప్పండి", "ఇది కాదు, దీని తరవాతి వీధి". పెళ్ళాం కొంగు పట్టుకోనిదే మెకానిక్ గారికి స్టీరింగ్ తిరగదని దర్జీలందరూ ఎకసెక్కాలాడేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఆవిడ పోయిన ఈ ఏడాదిన్నరగా కళ్ళు మూసుకున్నా వెళ్ళగలిగే పాత ఇళ్ళకే వెళ్తున్నారు. కొత్తవాళ్ళు పిలిస్తే నడుం నొప్పి అంటారు.

నాలుగు నెలల కిందట నది మీద కొత్త వంతెన తెరిచి పాత రోడ్లన్నీ మళ్ళించేశారు. ఆ వారంలోనే ఒకరోజు, పొద్దున్న తొమ్మిదింటికి బట్టల ఫ్యాక్టరీకని బయలుదేరిన మనిషి సాయంత్రం ఆరైనా ఇల్లు చేరలేదు. ఫోన్ చేస్తే "వచ్చేస్తున్నా" అంటారు, రారు. మీ అన్నయ్య వెతుక్కుంటూ వెళ్తే వంతెన దిగువన కారు ఆపుకుని కూర్చుని ఉన్నారట. ఎదురుగా గోడంత బోర్డు. అందులో మన పేట పేరు, పక్కనే బాణం గుర్తు. మీ అన్నయ్య ఇంటికొచ్చి తల పట్టుకున్నారు. "నాన్నకి మతి తప్పుతోంది. తాళాలు తీసేసుకోవాలి" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ కారూ, డిక్కీలో ఆ పనిముట్ల పెట్టే తీసేస్తే ఆయనకి మిగిలేది వరండాలో కుర్చీ ఒక్కటే. ముందు జీపీఎస్ కొని చూద్దాం, అప్పటికీ కుదరకపోతే మీ ఇష్టం అన్నాను. అలా ఆయన డ్రైవింగంతా ఆ పెట్టె మీద ఆధారపడింది.

మీ అన్నయ్య సంగతి నీకు తెలుసు. దువ్వెన కొనాలన్నా పది షాపులు తిరుగుతారు. పదకొండో షాపులో కొన్న మొదటి పెట్టె పెట్రోలు బంకులు చూపిస్తుంది, ట్రాఫిక్ చెప్తుంది, స్పీడు ఎక్కువైతే కీచుమంటుంది. కాఫీ పెట్టడం ఒక్కటే రాదు. మావయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందిరా. అక్షరాలే ఆనట్లేదు" అన్నారు.

ఆనట్లేదంటే ఆ సంగతి నాది. పదహారేళ్ళుగా కళ్ళజోళ్ళ షాపులో జనం చూపు పరీక్ష చేస్తున్నదాన్ని. షాపుకి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టాను. గోడ మీద అక్షరాల చార్టులో అన్నిటికన్నా పైన అరచేయంత అక్షరం ఉంటుంది. అదేమిటో చెప్పమంటే "మసగ్గా ఉందమ్మాయ్" అన్నారు. మాది చిన్న షాపు, కంప్యూటర్ మిషన్ లేదు, అద్దాలు మార్చి మార్చి అడగడమే. ఆరో అద్దానికి "ఆఁ, ఇప్పుడు నయం" అన్నారు. కుర్చీ దిగిపోవాలనే తొందరలో అన్నారని నాకేం తెలుసు? కళ్ళజోడు చేయించాను.

అయినా అక్షరాలు ఆనలేదు. మీ అన్నయ్య పెట్టె మార్చి పలకంత పెట్టె తెచ్చారు. బొటనవేలంత అక్షరాలు. అద్దానికి తగిలిస్తే సగం రోడ్డు కనపడదు.

"ఇప్పుడు కనిపిస్తోందా నాన్నా?"

"బ్రహ్మాండంగా కనిపిస్తోంది."

"అయితే ఫ్యాక్టరీ వీధి పేరు కొట్టండి, చూద్దాం."

"కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాన్రా."

కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. మీ అన్నయ్య నా వైపు చూశారు. మతిమరుపేనని ఆ చూపుకి అర్థం. నేను ఇంకాస్త పవరు పెంచి రెండో జోడు, ఆ తరవాత మూడోది చేయించాను. అవి పెట్టుకుని మావయ్య గుమ్మానికి కొట్టుకున్నారు, మెట్టు తప్పారు, సాయంత్రమయ్యేసరికి తలనొప్పి మాత్ర వేసుకునేవారు. కోడలు ప్రేమగా చేయించిందని ఒక్కరోజు కూడా తీయలేదు.

ఒక ఆదివారం నేనే ఆయన పక్కన కూర్చుని వెళ్ళాను, అసలు తంటా ఎక్కడో చూద్దామని. దారిలో రోడ్డు తవ్వి అడ్డంగా బోర్డు పెట్టారు. "అక్కడేం రాశారమ్మాయ్? ఎండ కొట్టి కనిపించట్లేదు" అన్నారు. ఆ రోజు పొద్దున్నించీ మబ్బు. నేను చదివి చెప్పాను. దర్జీ ఆవిడ ఇంటికెళ్ళాక కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, మిషన్ విప్పి, బెల్టు బిగించి, నూనె వేసి, చివర సూదిలో దారం ఎక్కించారు. నల్లదారం, సన్నసూది, ఆ గదిలో వెలుతురు అంతంతమాత్రం. ఒక్క తడవలో ఎక్కించేశారు. సూది బెజ్జం కనిపించే మనిషికి బొటనవేలంత అక్షరం కనిపించదా? ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని.

మర్నాడు మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు ఆయన్ని మళ్ళీ రమ్మన్నాను. చార్టు వెనక్కి తిప్పాను. అటువైపు ఇంకా అక్షరాలు రాని పిల్లల కోసం వేరే గుర్తులుంటాయి. మూడు కాళ్ళ బల్లలాంటి బొమ్మ, కాళ్ళు ఒకసారి పైకి, ఒకసారి పక్కకి. ఎటున్నాయో చేత్తో చూపిస్తే చాలు. మావయ్య కళ్ళజోడు లేకుండా వరసగా చూపించుకుంటూ పోయారు. ఆఖరి వరస, చీమలంత గుర్తులు, అవి కూడా తప్పు లేకుండా చూపించారు. చూపించాక చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు.

"తెలిసిపోయిందా అమ్మాయ్" అన్నారు.

"అత్తయ్యకి తెలుసా మావయ్యా?"

"పెళ్ళయిన మూడో రోజే పట్టేసింది. ఎవరికీ చెప్పకన్నాను. నలభై మూడేళ్ళు ఎవరికీ చెప్పలేదు. సంతకం తనే నేర్పింది, బొమ్మ గీసినట్టు. పేపరు పైకి చదివేది, నేను విని పదిమందిలో మాట్లాడేవాణ్ణి."

"చదవడం కూడా ఆవిడ దగ్గరే నేర్చుకోవాల్సింది."

"పక్కన తనుండగా ఆ అవసరమేం వచ్చింది? నాకన్నా ముందు పోతుందనుకోలేదమ్మా."

కాబట్టి మీ నాన్నగారికి మతీ తప్పలేదు, చూపూ తగ్గలేదు. చదువు రాదు. మీ ఇద్దరి మార్కుల కాగితాల మీద సంతకాలు పెట్టిన మనిషికి చదువు రాదని నువ్వు నమ్మలేవు, నేనూ నమ్మలేకపోయాను. లైసెన్సు ఎలా వచ్చిందని అడిగితే, ఆ రోజుల్లో బండి నడిపి చూపిస్తే చాలన్నారు. మీ అన్నయ్యకి తనే చెప్తాను, కాస్త గడువియ్యమన్నారు. నీకు మాత్రం నన్నే రాయమన్నారు. అందుకే రాస్తున్నాను.

అక్షరాలు రావు గాని అంకెలు ఆయనకి బాగా వచ్చు. మిషన్ నంబర్లు, సూది నంబర్లు నోటికే ఉంటాయి. మర్నాడు జీపీఎస్ షాపుకి నేనే వెళ్ళాను. షాపతను ఇంకా పెద్ద తెర చూపించబోయాడు. తెర వద్దు బాబూ, అంకె నొక్కితే దారి నోటితో చెప్పేది కావాలన్నాను. అరలో వెనకెక్కడో ఉన్నదాన్ని దుమ్ము దులిపి తీశాడు. అరచేయంత ఉంది. పక్కన ఆన్ చేసే బొత్తం, గొంతు పెంచే చక్రం, ఫోన్‌కి ఉన్నట్టు అంకెలు. అరవై చోట్లు దాచుకోవచ్చు. ఇంటికొచ్చి అత్తయ్య నోటు పుస్తకం ముందు పెట్టుకుని అడ్రసులన్నీ ఎక్కించాను. ప్రతి అడ్రసు పక్కన ఆవిడ చేతిరాత. "కుక్క ఉంది, ముందు హారన్ కొట్టాలి." "ఈయన కబుర్లలో పెడతాడు, త్వరగా లేవాలి." ఎక్కిస్తున్నంతసేపూ నాకు ఆవిడ పక్కన కూర్చున్నట్టే ఉంది. పదిహేడంటే నీలం గేటు దర్జీ, ఇరవై రెండంటే ఫ్యాక్టరీ అని మావయ్య రెండు రోజుల్లో మొత్తం బట్టీ పట్టేశారు.

ఇప్పుడు కొత్తవాళ్ళు పిలిచినా, అడ్రసు నాచేత పెట్టెలోకి ఎక్కించుకుని వెళ్తున్నారు. నడుం నొప్పి ఎటుపోయిందో తెలియదు. ఫీచర్లు తక్కువున్నదే మేలని తను ముందే అన్నట్టు మీ అన్నయ్య అందరికీ చెప్పుకుంటున్నారు. పెట్టె ఎలా ఉంది మావయ్యా అని అడిగితే, "ఎన్నిసార్లు తప్పు తిరిగినా కోప్పడదు. అదొక్కటే లోటు" అన్నారు.

నీ మొదటి ప్రశ్నకి జవాబు అయింది. ఇక నా తప్పు చెప్పాలి. దీని దగ్గరికి రాలేకే మూడుసార్లు లేచిపోయాను.

అత్తయ్య పోయినప్పటినించీ ఆయన పేరు మీద నువ్వు పదకొండు ఉత్తరాలు రాశావు. నాన్న ఏమన్నారని నన్ను అడుగుతూ వచ్చావు. నేనేం రాశాను? "నాన్నగారు కిటికీ దగ్గర కూర్చుని అరగంటసేపు చదివారు, మడిచి పెట్టేశారు, ఏమీ అనలేదు" అని రాశాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నేను కళ్ళతో చూసిందే రాశాను. కాగితం పట్టుకుని కూర్చున్న మనిషి చదువుతున్నాడనే కదా ఎవరైనా అనుకుంటారు? కానీ ఆ మాట చదివినప్పుడల్లా అక్కడ నీకెలా ఉండి ఉంటుందో నేను ఆలోచించలేదు. చార్టు తిప్పిన రోజున కూడా నీ ఉత్తరాల సంగతి నాకు తట్టలేదు. నా బుర్ర జీపీఎస్ దగ్గరే ఆగిపోయింది.

ఆయనే తెచ్చారు. నీ పదకొండో ఉత్తరం వచ్చిన మర్నాడు, అత్తయ్య కుట్టుమిషన్ చెక్కమూత ఎత్తి, లోపలినించి కట్ట తీసుకొచ్చి నా చేతిలో పెట్టారు. పదకొండూ అంచు చిరగకుండా బ్లేడుతో తెరిచి ఉన్నాయి.

"ఇవి కాస్త చదివి పెడతావా అమ్మాయ్" అన్నారు.

ఇన్నాళ్ళూ ఎవరిచేతా ఎందుకు చదివించుకోలేదని అడిగాను.

"అబ్బాయి చేతికిస్తే వాడి కళ్ళలో నేనేమవుతాను? అదొక్కటే కాదులే. ఇందులో ఏముందోనని భయం. అమ్మకి బాగానే ఉంది, కంగారుపడి రావద్దని ఫోన్లో దానితో చెప్పింది నేనే కదా. మీ అత్తే అలా చెప్పమంది. నా మాట నమ్మి అది ఆ పడవ ఎక్కలేదు. తరవాతి పడవ వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ నిష్ఠూరం ఇంకొకరి నోట వినలేననుకున్నా."

చూశావా, తల్లి ఆఖరి చూపుకి రాలేదని నాన్నకి కోపమని నువ్వు అక్కడ కుమిలిపోతున్నావు. తన మాట వల్లే రాలేకపోయావని నీకు కోపమని ఆయన ఇక్కడ కుమిలిపోతున్నారు. ఆదివారం ఫోన్లో ఆయన "తిన్నావా" అంటారు, నువ్వు "ఊఁ" అంటావు, నీ వెనక ఇంకొకరు వంతు కోసం నిలబడి ఉంటారు. ఇద్దరూ అసలు మాట ఉత్తరాలకే వదిలేశారు.

ఇంట్లో వద్దు, కార్లో చదవమన్నారు. ఆదివారం పొద్దున్న, వాకిట్లో ఆపి ఉన్న కార్లో, ఆయన స్టీరింగ్ ముందు, నేను పక్కన. మొదటి ఉత్తరంలో నువ్వు రాసిన మాటలు నీకు గుర్తుండే ఉంటాయి. "నాన్నా, నేను రాలేదని మీకు కోపంగా ఉంటే సరే. కోపం లేకపోతే రమ్మని ఒక్క ముక్క రాయండి, ఉద్యోగం వదిలేసి వచ్చేస్తాను. రాయకపోతే నేనే అర్థం చేసుకుంటాను." మళ్ళీ చదవమన్నారు. చదివాను. ఇంకోసారి చదవమన్నారు. తేదీ అడిగారు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుని "పదహారు నెలలు" అన్నారు. ఆ తరవాత ఏడ్చారు. అత్తయ్య పోయిన రోజు కూడా ఆయన అలా ఏడవడం నేను చూడలేదు. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి. కాసేపటికి ఆయనే ముఖం తుడుచుకుని తరవాతిది తీయమన్నారు. ఒక్కో ఉత్తరం పొట్టిదవుతూ వచ్చింది. పదకొండోదాంట్లో ఆ నెల వాన లెక్క తప్ప ఏమీ లేదు. దాన్ని కూడా రెండుసార్లు చదివించుకున్నారు.

వెంటనే నీతో మాట్లాడదామని ఇటువైపున్న మీ హెడ్డాఫీసుకి ఫోన్ చేశాం. గాలివానకి దీవిలో ఫోన్ స్తంభం కూలిందని, నెల పడుతుందని చెప్పారు. "మీరు చెప్పండి మావయ్యా, నేను ఉత్తరం రాస్తాను" అన్నాను. "నువ్వు జరిగింది రాయి. నా మాట కాగితం మీద పంపను. ఉత్తరాలు చేసిన మేలు చాలు" అన్నారు. నీ పడవ ఆగే రేవు ఎక్కడ, దాని అడ్రసు పెట్టెలోకి ఎక్కుతుందా అని అడిగారు. ఖాళీ నంబరులో ఎక్కించాను. ఆరు గంటల నలభై నిమిషాలని చూపించింది. అత్తయ్య ఉన్న రోజుల్లో కూడా ఆయన అంత దూరం నడపలేదు. మీ అన్నయ్య తోడొస్తానంటే, పెట్టె ఉందిగా, వద్దన్నారు.

అందుకని ఈ ఉత్తరం పోస్టులో రావడం లేదు. రేపు గురువారం తెల్లవారుజామున బయలుదేరి ఆయనే రేవుకి తీసుకొచ్చి పడవవాళ్ళ చేతికిస్తారు. సాయంత్రానికి నీకు అందుతుంది. పడవ రాత్రికి అక్కడే ఉండి శుక్రవారం పొద్దున్న తిరిగి బయలుదేరుతుందట కదా, గడువు అయినవాళ్ళు అందులోనే వచ్చేయవచ్చని నువ్వే ఒకసారి రాశావు. అది తిరిగి వచ్చేదాకా రేవులోనే, కార్లోనే ఉంటానన్నారు. బిస్కెట్లు, నీళ్ళు, రెండు దుప్పట్లు సర్దుకున్నారు. రెండోది ఎవరికని నేను అడగలేదు.

నీకు ఆ పనంటే ప్రాణమని నాకు తెలుసు. ఉండాలనిపిస్తే ఉండు, ఎవరూ కాదనరు. ఇక్కడెవరికో నీ మీద కోపముందని మాత్రం ఉండిపోకు. నా సంగతి అడిగితే, నువ్వు రావాలనే ఉంది. అత్తయ్య పోయాక ఈ ఇంట్లో నాతో సమానంగా పోట్లాడేవాళ్ళు లేరు. వంట బాగాలేదని ముఖం మీద చెప్పేవాళ్ళు లేరు. రోజూ సాయంత్రం షాపు మూసి వస్తూ, ఈ మాట నీకు చెప్పాలి, ఆ మాట నీకు చెప్పాలి అని దాచుకుంటాను. ఇంటికొచ్చేసరికి సగం మర్చిపోతాను.

ఒక్కటే కోరుతున్నాను. ఇంకో మూడేళ్ళు ఉండాలనే నిశ్చయించుకుంటే, ఆ సంగతి కాగితం మీద రాసి పడవవాడికి ఇవ్వకు. రేవులో ఆయనకి చదివి పెట్టేవాళ్ళెవరూ ఉండరు. నువ్వే వచ్చి చెప్పు.

ఇట్లు,
చూసిందే నిజమనుకుని నీకు నాలుగుసార్లు తప్పు రాసిన
మీ వదిన